ఇంటర్వెల్ తర్వాత రెండో రీలు

మా ఊళ్ళో సినిమా హాలు లేదు. సినిమా చూడాలంటే వశిష్ఠ గోదావరి దాటి అవతలి ఒడ్డున ఉన్న పట్నానికి వెళ్ళాలి. దాటించేది పంటు. ఇనప పడవ మీద బల్లపరుపుగా చెక్కలు పరిచి, మనుషుల్నీ, సైకిళ్ళనీ, కొబ్బరికాయల బస్తాల్నీ, అప్పుడప్పుడూ ఒక జీపునీ ఎక్కించుకుపోయే ఆ పంటుకి మా నాన్న డ్రైవరు. పైన చుక్కాని పట్టేది ఆయనే. కింద గొయ్యిలాంటి గదిలో ఉన్న డీజిలు ఇంజను బాగోగులు చూసేదీ ఆయనే.

నాన్నకి రెండు విషయాల్లో మహా పట్టింపు. ఒకటి ఇంజను, రెండోది టైము. పట్నం రేవు నుంచి ఆఖరి పంటు తొమ్మిదింటికి. పది నిమిషాలుందనగా ఒక హారను, ఐదుందనగా ఇంకోటి, తొమ్మిది కొట్టగానే మూడోది. మూడోది మోగాక పెళ్ళికొడుకు పరిగెత్తుకొస్తున్నా సరే, తాడు విప్పేయాల్సిందే. నిజంగానే ఒకసారి ఒక పెళ్ళివారి సన్నాయి వాయించే ఆయన సన్నాయితో సహా రేవులో మిగిలిపోయాడు. ఆ పెళ్ళి ఒట్టి డోలు మీదే జరిగిపోయిందని మా ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. నాన్న మాత్రం ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఒకళ్ళ కోసం ఆగితే అవతల ఒడ్డున చూసేవాళ్ళకి ఏం చెప్పమంటారండి?" అనేవాడు.

అందుకని మా ఊరి వాళ్ళకి సినిమా అంటే ఫస్ట్ షోనే. మ్యాట్నీకి పనులు మానుకుని ఎవరు వెళ్తారు? సెకండ్ షోకి వెళ్తే తిరిగి దాటడానికి పంటుండదు. సాయంత్రం ఆరింటి ఆట చూసి, రేవు దాకా పరుగులాంటి నడక నడిచి, ఒగర్చుకుంటూ ఆఖరి పంటెక్కేవాళ్ళం. ఎక్కాక నాన్నకి కథ చెప్పడం ఒక ఆనవాయితీ. ఆ ఉద్యోగంలో చేరాక నాన్న హాల్లో సినిమా చూసింది లేదు. ఫస్ట్ షో ఆడే వేళకి ఆయన నది మీద ఉంటాడు. చెప్పడంలో మొదటి తాంబూలం మా ఊరి కొబ్బరికాయల వ్యాపారిది. ఆయన హీరో గొంతూ విలను గొంతూ కూడా తనే పెట్టి చెప్పేవాడు. నాన్న చుక్కాని పట్టుకుని అంతా విని, చివర్లో ఎవరికీ తోచని ప్రశ్న ఒకటి అడిగేవాడు. "అంతసేపు కొండెక్కించాడు కదా, లారీ వేడెక్కలేదాండీ?" లాంటిది.

చిన్నప్పుడు నాకు తెగని సందేహం ఒకటుండేది. కేసెట్లో ఆరు పాటలుంటే సినిమాలో ఐదే ఉండేవి. ప్రతి సినిమాకీ ఇదే తంతు. మా అమ్మనడిగితే, "కేసెట్ల వాళ్ళు ఓ పాట కొసరేస్తారేమోనే" అంది. కూరగాయల కొట్లో కొత్తిమీర వేసినట్టన్నమాట. నేను నమ్మేశాను. మా ఊరంతా ఏదో ఒకటి అలాగే నమ్మేసింది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఇంగ్లీషు బొమ్మ తెలుగు మాటలు పెట్టుకుని పట్నానికొచ్చింది. రీళ్ళ పెట్టె పాలకొల్లు నుంచి బస్సు మీద వచ్చింది, నాలుగు రోజులాడింది, వెళ్ళిపోయింది. తెలుగులో దానికి పెట్టిన పేరు రాస్తే మీరు నవ్వుతారు కాబట్టి రాయను. ఆకాశంలో తిరిగే పెద్ద ఓడ ఒకటి. పాడైపోయిన ఒక లోకం నుంచి బాగున్న ఇంకో లోకానికి జనాన్ని దాటిస్తుంటుంది. అంటే పంటే. దారిలో కరెంటు తాగి బతికే లోహపు పురుగులు ఓడలో దూరతాయి. జనం అరుపులు, తుపాకులు, మంటలు. ఓడకి ఒక ఇంజను డ్రైవరున్నాడు, నెరిసిన గడ్డం, నెత్తిన మురికి టోపీ. ఇంటర్వెల్ అయిన కాసేపటికి ఆయన దీపం పట్టుకుని ఇనప నిచ్చెన మీదుగా ఇంజను గదిలోకి దిగుతాడు. దీపం వెలుగు కిందకి కిందకి పోతుంది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మరుక్షణం తెర మీద జనమంతా తప్పించుకునే చిన్న ఓడల దగ్గరున్నారు. నాలుగు చిన్న ఓడలుండాల్సిన చోట మూడే ఉన్నాయి. హీరోయిన్ నెత్తిన ఆ ముసలాయన టోపీ ఉంది. ఆయన మాత్రం లేడు. ఆ తర్వాత బొమ్మ అయిపోయేదాకా ఆయన ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు సినిమా తొందరగా అయిపోయింది. ఎనిమిదింపావుకే రేవుకొచ్చేసి, మెట్ల మీద కూచుని వేరుశనక్కాయలు తింటూ ముప్పావుగంట వాదించుకున్నాం. ఆ ముసలాయన ఏమయ్యాడు? పంటెక్కాక వ్యాపారి తీర్పు చెప్పేశాడు.

"పారిపోయాడండి. ఒక ఓడ తగ్గింది కదా? దానెక్కి చెక్కేశాడు. కంగార్లో టోపీ పడిపోతే ఆ అమ్మాయి ఏరుకుంది. అంతే కథ."

"ఇంజను తిరుగుతోందా, ఆగిందా?" అన్నాడు నాన్న.

"అది చూపించలేదండి."

"చూపించకుండా ఎలా ఉంటారు? ఇంజను డ్రైవరు ఇంజనొదిలేసి పోడండీ."

"సినిమా చూసొచ్చింది మేమా, మీరా?" అన్నాడు వ్యాపారి. పంటంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. నది మధ్యలో ఇంకోసారి, రేవు దగ్గర పడ్డాక ఇంకోసారి అదే అడిగాడు.

పట్నంలో చూసినవాళ్ళని అడిగితే పోయేది కదా అంటారేమో. ఎవరడుగుతారండి? ఇంగ్లీషు బొమ్మ అర్థం కాలేదని పట్నంవాళ్ళ ముందు ఒప్పుకోవడమంత నామోషీ ఇంకోటి లేదు మా ఊరికి. అర్థం కాని చోటల్లా మా బుర్రలోంచి ఓ ముక్క తీసి అతికించుకునేవాళ్ళం. అతుకు ఆరాక అదే కథైపోయేది. అలా ఆ ముసలాయన మా ఊళ్ళో పారిపోయినవాడిగా స్థిరపడిపోయాడు.

మరుసటేడు శ్రావణమాసంలో గోదావరికి వరద పోటెత్తి ఎర్రనీళ్ళొచ్చాయి. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా పట్నం సంత నుంచి తిరిగొస్తున్నాం. వ్యాపారి కూడా ఉన్నాడు. నది మధ్యలో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పంటు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు ఒకసారి ఎడమకొచ్చింది, ఒకసారి కుడికొచ్చింది. ఆ తర్వాత రెండు ఒడ్లూ దూరమైపోతూ, నీళ్ళు మమ్మల్ని సముద్రం వైపు లాక్కుపోతున్నాయి. అందరం చుక్కాని వైపు చూశాం. అక్కడ ఎవరూ లేరు.

"డ్రైవరు దూకేశాడు!" అని ఎవరో అరిచారు.

ఇక చూడండి. ఆడవాళ్ళు ఏడుపులు, మగవాళ్ళు కేకలు, ఒకాయన కొబ్బరికాయల బస్తాని కౌగిలించుకుని రామనామం. ఎంతసేపో తెలీదు. పది నిమిషాలని తర్వాత చెప్పారు. చివరికి కింద ఇంజను గొంతు సవరించుకుంది, ఆగి ఆగి తిరిగింది, ఇంకాసేపటికి గొయ్యి మూతలోంచి నాన్న తల పైకొచ్చింది. మొహమంతా నల్లటి ఆయిలు. డీజిలు గొట్టంలో గాలి పట్టేసిందనీ, కిందకి దిగి సరిచేశాననీ చెప్పి చుక్కాని అందుకున్నాడు. ప్రాణాలు లేచొచ్చిన జనానికి నవ్వూ లేచొచ్చింది.

"సినిమాలో ఆ ముసలాయన్లా మీరూ చెక్కేశారనుకున్నామండీ!" అన్నాడు వ్యాపారి.

ఆయన చెడ్డవాడు కాదు. భయం దిగిపోవడానికి అన్న మాట అది. కానీ ఆ మాట నాన్నకి అతుక్కుపోయింది. ఆ రోజు నుంచీ మా నాన్న 'సినిమా డ్రైవరు'. రేవులో పిల్లలు అరిచేవారు, పెద్దలు వేళాకోళమాడేవారు. నాన్న పెదవి చివర నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక అమ్మ ఆయన కుడి అరచేతికి మందు రాసింది. పెద్ద బొబ్బ. ఇంజను వేడికి తగిలిందన్నాడు, మేమూ సరేననుకున్నాం.

ఒక నిజం చెప్పాలి. ఆ పది నిమిషాల్లో నేను కూడా అనుకున్నాను, నాన్న దూకేశాడని. ఆయన కూతుర్ని. ఇంజను డ్రైవరు ఇంజనొదిలేసి పోడని ఆయన నోటితో విన్నదాన్ని. అయినా అనుకున్నాను. ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాత నాన్న ఎప్పుడు "ఆ ముసలాయన ఏమయ్యాడంటావే?" అని అడిగినా నా మొహం వేడెక్కేది. ఏడాదికి రెండు మూడుసార్లైనా అడిగేవాడు. ఆ బొమ్మకి రెండో భాగం, మూడో భాగం కూడా వచ్చాయని పేపర్లో చూశాను. అవి మా పట్నం దాకా రాలేదు.

ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో నన్ను పట్నంలో కంప్యూటర్ కోర్సులో చేర్పించారు. ఒక బట్టల కొట్టు పైన గది, అందులో నాలుగు కంప్యూటర్లు, చెప్పులు బయట విడవాలి. మా సార్ మంచివాడు. క్లాసయ్యాక పంటు టైము దాకా ఉండి ఆడుకోమనేవాడు. ఒక రోజు ఆయన దగ్గరున్న సీడీల బొత్తిలో పెన్నుతో పేరు రాసిన ఒక సీడీ పెట్టి చూశాను. తెర నల్లబడి, నెమ్మదిగా ఒక ఓడ కనిపించింది. కింద ఇనప నిచ్చెన. నిచ్చెన పక్కన వేలాడే దీపం.

నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"ఏంటమ్మా, కరెంటు కొట్టిందా?" అన్నాడు సార్ కంగారుగా.

అదే ఓడ. ఆ బొమ్మ మీద ఆట తయారుచేశారు. ఆటలో మనం ఆ హీరోయిన్. చేతిలో తుపాకీ, ఎదురుగా కరెంటు తాగే పురుగులు. సినిమాలో హాల్లో కూచుని, వాళ్ళు చూపించిందే చూడాలి. ఇక్కడ ఏ గది కావాలంటే ఆ గదిలోకి నేనే వెళ్ళొచ్చు. నా ధ్యాస పురుగుల మీద లేదు. అంటే ఆ నిచ్చెన కూడా దిగొచ్చు కదా!

దిగడానికి మూడు వారాలు పట్టింది. నా సహనం గురించి మా అమ్మనడిగితే చెబుతుంది, ఉప్పు డబ్బా మూత రాకపోతే డబ్బా విసిరేసే రకాన్ని. అలాంటిది ఆ మూడు వారాలూ పళ్ళు బిగబట్టి ఆడాను. ఒక పురుగు వెనక నుంచి వచ్చేది. దాన్ని తిట్టిన తిట్లకి సార్ ఒక రోజు కిటికీ మూసేశాడు, కింద బట్టల కొట్టుకి గిరాకీలొస్తున్నారమ్మా అని. నిజానికి కాల్చడం మీద నాకంత ఆసక్తి లేదు. గదుల్లో తిరిగేదాన్ని. వంటగదిలో జనం తిని వదిలేసిన పళ్ళేలు, పిల్లల మంచాల మీద బొమ్మలు, గోడ మీద ఎవరో గీసిన చేప. సినిమాలో రెండు క్షణాలు కూడా కనపడనివన్నీ ఇక్కడ నా కోసం ఎదురుచూస్తున్నట్టుండేవి. ఇవన్నీ ఎవరు ఇంత శ్రద్ధగా పెట్టారా అని ఆశ్చర్యపోయేదాన్ని.

చివరికి ఒక మధ్యాహ్నం నిచ్చెన దగ్గరికొచ్చాను. దీపం తీసుకుని దిగాను. కింద ఆయనున్నాడు. అదే గడ్డం, అదే టోపీ.

మాటలు ఇంగ్లీషులో కింద అక్షరాలుగా పడేవి. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుకున్నాను. పురుగులు కరెంటంతా తాగేశాయి, కరెంటు లేకపోతే చిన్న ఓడల తలుపులు తెరుచుకోవు. పాత ఇంజనొకటుంది, దాన్ని చేత్తో తిప్పి లేపొచ్చు. కానీ దాని మీటని ఒకరు నొక్కిపట్టి ఉంచాలి. వదిలితే ఇంజను ఆగిపోతుంది, తలుపులు మూసుకుపోతాయి. ఒక ఓడ ఏమైందని ఆ అమ్మాయి అడిగింది. మొదట ఉన్న కాస్త కరెంటుతో పిల్లల్ని ఎక్కించి పంపేశానన్నాడు. తర్వాత టోపీ తీసి ఆ అమ్మాయి నెత్తిన పెట్టాడు. రెండు చేతులా మీట పట్టుకున్నాడు.

ఓడా, టోపీ, అన్నీ సరిపోయాయి. ఆయన పారిపోలేదు.

అక్కడే ఆట ఆపి, మళ్ళీ నిచ్చెన దగ్గరి నుంచే మొదలయ్యేలా సార్ చేత భద్రం చేయించి, రేవుకి పరిగెత్తాను. నాన్న తాడు చుట్టుకుంటున్నాడు. నోటి దాకా వచ్చిందాన్ని మింగేశాను. చెబితే నమ్మడు, చూడాలి.

"రేపు మధ్యాహ్నం రెండో పంటు వెనక్కి బయల్దేరేలోపు నాతో కంప్యూటర్ క్లాసుకి రా, నాన్నా. ఒకటి చూపించాలి."

"ఏంటే?"

"ముసలాయన."

నాన్న చేతిలో తాడు ఆగిపోయింది.

మర్నాడు సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. మెట్ల కింద చెప్పులు విడిచి, సార్‌కి నమస్కారం పెట్టి, కుర్చీ అంచు మీద కూచున్నాడు. నేను నిచ్చెన దిగి, ముసలాయన దగ్గరికెళ్ళి, ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. పాత ఇంజను లేచింది. నాన్న ఉన్నట్టుండి ముందుకి వంగి స్పీకరుకి చెవి ఆనించాడు.

"గాలి పట్టిందే దీనికి," అన్నాడు. "వినపడట్లా? మధ్యమధ్యలో దెబ్బ తప్పుతోంది."

సార్ నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయాడు. నాన్న ఆయన్ని పట్టించుకోలేదు. తెర మీద ముసలాయన మీట పట్టుకున్నాడు. కింద అక్షరాలు పడ్డాయి.

"ఏమంటున్నాడు?"

"వెళ్ళు అంటున్నాడు. తలుపులు తెరుచుకున్నాయి, వెళ్ళు అని."

"వెళ్ళకపోతే?"

నేనెప్పుడూ ఆ పని చేసి చూడలేదు. కదలకుండా నించున్నాను. ముసలాయన మీట పట్టుకునే ఉన్నాడు. కాసేపటికి మళ్ళీ, వెళ్ళు. ఇంకాసేపటికి ఇంకోసారి. నాన్న కళ్ళార్పకుండా ఆ చేతుల కేసే చూస్తున్నాడు. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాలూ నేను నాన్న వైపు చూడలేకపోయాను.

"మనం ఇక్కడుంటే ఆయన అలాగే పట్టుకునుంటాడన్నమాట," అన్నాడు చివరికి. "పదవే, వెళ్దాం. పాపం ఆయన చెయ్యి నొప్పెడతది."

మెట్లు దిగాక నాన్న మొహంలో వెలుగుంటుందనుకున్నాను. సందేహముంది.

"ఇది ఆట కదే. చేసినోళ్ళు వాళ్ళకి నచ్చినట్టు పెట్టుకునుంటారు. బొమ్మలో ఏముందో మరి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలు పురుగులతో యుద్ధం చేసింది ఈ మాట వినడానికా? కానీ ఆయన అన్నదాంట్లో న్యాయముంది. హాలు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆపరేటరు గారు కూచుని ఉన్నారు. బొమ్మ వేసే మనిషి, ఆ పట్నంలో ప్రతి సినిమా చూసిన మనిషి. ఇన్నేళ్ళుగా ఆయన్నొక్క మాట అడగడానికి మా ఊరంతటికీ నామోషీ అడ్డొచ్చింది. నాన్న నేరుగా వెళ్ళి అడిగేశాడు.

ఆపరేటరు గారు గ్లాసు పక్కన పెట్టారు. "ఆ ముసలాయన మీట పట్టుకునే సీనాండీ? అబ్బో, ఎంత బాగుంటుందండీ! టోపీ తీసి ఆ పిల్ల నెత్తిన పెడతాడు కదా, సెకండ్ షోలో జనం కళ్ళు తుడుచుకున్నారండి."

"మా వాళ్ళెవరూ చూళ్ళేదంటున్నారు," అన్నాడు నాన్న.

ఆపరేటరు గారు నాన్న మొహం చూసి, కాస్త ఇబ్బంది పడి, నెమ్మదిగా చెప్పారు.

"మీ వాళ్ళు ఫస్ట్ షో కదండీ. ఫస్ట్ షోకి ఆ రీలు వెయ్యను. అన్నీ వేస్తే తొమ్మిదింపావు దాటుద్ది, మీ పంటు అందదు. ముందు రోజుల్లో జనం సగంలో లేచిపోయి, కుర్చీలు విరగ్గొట్టుకుంటూ పరిగెత్తేవారు. అందుకని ఇంటర్వెల్ తర్వాత రెండో రీలు తీసి పక్కనపెట్టేస్తానండి. మన సినిమాల్లో ఆ రీల్లో ఎప్పుడూ పాటా కామెడీయే ఉంటాయి, తీసినా కథకి దెబ్బ తగలదు. ఇంగ్లీషు బొమ్మ పొట్టిది, తియ్యక్కర్లేదు. కానీ చెయ్యి అలవాటు పడిపోయింది కదా, దాన్నీ తీసేసుంటాను. అందులో కథ మరోలా పేరుస్తారని నాకప్పుడు తట్టలేదండి."

కేసెట్లో ఆరో పాట ఎక్కడికి పోయిందో నాకప్పుడు తెలిసింది. ఆ రోజు మేం ముప్పావుగంట రేవు మెట్ల మీద కూచుని వేరుశనక్కాయలు తిన్న సంగతీ గుర్తొచ్చింది. మేం అక్కడ ఆ ముసలాయన్ని పారిపోయేలా చేస్తుంటే, ఆయన రెండు వీధుల అవతల డబ్బాలో చుట్టుకుని ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాన్నని చూసి ఆపుకున్నాను.

"నా పంటు కోసమా?" అన్నాడు.

"మీరు ఆగరు కదండీ," అన్నారు ఆపరేటరు గారు. అందులో నిష్ఠూరమేమీ లేదు, గోదావరి తూర్పుకి పోతుందన్నంత మామూలుగా అన్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఒక్కసారి, "ఇన్నేళ్ళూ ఊరంతా ముక్క లేని సినిమాలు చూసిందే," అన్నాడు. అంతే. మర్నాడు రేవుని వేలంలో పాడుకున్న పాటదారుతో మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, అక్కణ్ణుంచి ఆపరేటరు గారి దగ్గరికెళ్ళి చెప్పొచ్చాడు, ఈ రోజు నుంచి రీలు తియ్యొద్దు, బొమ్మ పూర్తయ్యాకే పంటు కదుల్తుందని. ఇంట్లో మాకు తప్ప పిల్లికి కూడా చెప్పకుండా చేశాడు. సన్నాయి ఆయన్నొదిలేసిన మనిషేనా అని అమ్మ ముక్కున వేలేసుకుంది.

ఆ సాయంత్రం నేను కోర్సు నుంచి వచ్చి పంటు మీదే కూచున్నాను, ఏం జరుగుతుందో చూద్దామని. నాన్న ఇంజను వెయ్యలేదు, హారనూ కొట్టలేదు. రేవు గట్టున తాడు కట్టే గుంజ మీద కాళ్ళు చాపుకుని కూచున్నాడు. తొమ్మిదవుతుండగా మెట్ల మీద ధబధబమని అడుగుల చప్పుడు. ముందు కొబ్బరికాయల వ్యాపారి, వెనక పది పదిహేనుమంది. వాచీలు చూసుకుని, అలవాటు కొద్దీ, సినిమా మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చేశారు.

"బొమ్మయిపోయిందాండీ?" అన్నాడు నాన్న.

"లేదండీ," అన్నాడు వ్యాపారి ఒగురుస్తూ. "ఇవాళేంటో తెమలట్లేదు. ఎప్పుడూ లేంది పాట మీద పాట, ఆ కామెడీ ఒకటి. మీరు పోతారని వచ్చేశాం."

"వెనక్కెళ్ళండి. చివరాఖరి దాకా చూసి రండి."

"పంటో?"

"ఉంటాది."

వ్యాపారి నాన్న మొహంలోకి చూశాడు. వేళాకోళం చేస్తున్నాడేమోనని వెతికినట్టుంది. "మేమటెళ్ళాక మీరు వెళ్ళిపోరు కదండీ?" అన్నాడు.

"ఇంజను డ్రైవర్నండీ," అన్నాడు నాన్న. "ఎక్కడికెళ్తాను?"

వాళ్ళు రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళారు. రేవులో మేమిద్దరమే మిగిలాం. హాల్లో పాట సన్నగా వినపడుతోంది, మా ఊరికి మొదటిసారి లెక్క సరిపోయిన ఆరో పాట. ఆ చప్పుడులో నాకు ధైర్యమొచ్చింది.

"నాన్నా, ఆ ఎర్రనీళ్ళ రోజు నేను కూడా అనుకున్నాను. నువ్వు దూకేశావని."

"తెలుసు," అన్నాడు.

నేను తలెత్తాను.

"గోతిలోకి వినపడింది. 'నాన్న వెళ్ళిపోయాడు, నాన్న వెళ్ళిపోయాడు' అని నువ్వు ఏడవడం. మిగతావాళ్ళ అరుపులు కాదు, నీదే వినపడింది."

ఆ సినిమా సంగతి ఆయన ఏళ్ళ తరబడి నన్నే ఎందుకడిగేవాడో అప్పుడర్థమైంది. అయినా కోపమొచ్చింది, నా బుద్ధి అంతే.

"వినపడితే ఒక్కసారి పైకి రావచ్చు కదా! ఇక్కడే ఉన్నానని ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

నాన్న కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. బొబ్బ మానిన చోట చర్మం ఇప్పటికీ నున్నగా ఉంది.

"గొట్టం పగిలి గాలి లాగేసిందే. గుడ్డ కట్టి బిగించేదాకా చేత్తో మూసిపట్టుకునున్నాను," అన్నాడు. "చెయ్యి తీస్తే ఇంజను లేవదు."